అద్దె చలికోటు

నేను చెప్పబోయేది పొల్లు పోకుండా నిజం. నోట్లో మిగిలిన మూడు పళ్ళ మీద ఒట్టు. ఒక్క ముక్క కల్పించినా ఆ మూడూ ఊడి ఇప్పుడే నీ కషాయంలో పడాలి. ఈ ముసలి ఎవరిస్తా చోకోబార్, అంటే నేను, కోతలు కోస్తుందని ఈ సాన్ లూకాస్‌లో నీతో ఎవరైనా అన్నారంటే, ఆ అన్నది మా ఆడపడుచు నికాసియా అయ్యుంటుంది. దాని మాట అది మేపే లామాలే నమ్మవు.

కూర్చో పిల్లా. ఆ పీట మీద కాదు, ఎండలో ఉన్న ఈ బండ మీద. బండలు పగిలేంత ఎండ కాస్తోంది, నువ్వేమో చలి చలి అని వణుకుతున్నావు. తాగు. కోకా ఆకు వేసి కాచాను. తాగేముందు ఒక చుక్క నేల మీద ఒంపు. ఒంపలేదూ? సరేలే. మీ ఊళ్ళవాళ్ళెవరూ ఒంపరు. నేల మాత్రం గుర్తు పెట్టుకుంటుంది.

మీ గుంపు ఫోటోలు దిగడం ఇప్పట్లో తేలేలా లేదు. ఆ బట్టతలాయన ఒంటెలా నిలబడి సూర్యుణ్ణి అరచేతిలో పెట్టుకుంటున్నాడు చూడు. అందరూ అదే పని. సూర్యుడికే విసుగొచ్చి ఈమధ్య తొందరగా దిగిపోతున్నాడు.

ఈ ఉప్పులోయ గేటు దగ్గర నేను రొట్టెలు వేయించడం మొదలుపెట్టినప్పుడు, ఎదురుగా ఆ అగ్నికొండ నా మోకాలంత ఉండేది. అప్పటినుంచీ చూస్తున్నాను మీవాళ్ళని. తెల్లారకముందే వేడినీటి బుగ్గల దగ్గరికి పోతారు, నేల పొగలు కక్కుతుంటే నోళ్ళు తెరుచుకుని నిలబడతారు. అక్కడి చలికి కోడి గుడ్డు పెడితే గుడ్డూ కోడీ ఒకటైపోతాయి. తర్వాత గులాబీ కొంగల మడుగు. తర్వాత మా చర్చి. అందులో మా ఫాదర్ గారి గురక తప్ప చూసేదేమీ లేదు. పొద్దు వాలుతుండగా ఇక్కడికొస్తారు. ఉప్పులోయకి. ఉప్పులోయలో మూగ గుహకి.

మూగ గుహ అని ఎందుకన్నారంటే, లోపల ఎంత అరిచినా మారుపలుకు రాదు. నీ గొంతు నీ పెదాల దగ్గరే చచ్చిపోతుంది. అంతా ఉప్పే. నేల ఉప్పు, గోడ ఉప్పు, కప్పు ఉప్పు. పొద్దు వాలి రాయి చల్లబడేటప్పుడు గోడలు చిటపటమంటాయి. టిక్... టిక్... ముసలాడు వేళ్ళు విరుచుకున్నట్టు. గైడ్లు అదొక వింతలా చూపిస్తారు. "అందరూ నిశ్శబ్దంగా ఉండండి, ఉప్పు మాట్లాడుతోంది" అంటారు. మాట్లాడేది వినేవాళ్ళకి తెలుసు, అది మాట కాదని.

పోయినేడు చలికాలంలో ఒకామె లోపలికి వెళ్ళింది. పరదేశి. ఆమె పేరు పోలీసులకే నోరు తిరగలేదు. వెళ్ళింది, రాలేదు. ఆ గుహ మా చర్చి అంత పొడవు కూడా ఉండదు. ఈ పక్క దూరి, మధ్యలో ఒక్క వంపు తిరిగి, ఆ పక్క తేలడమే. తప్పిపోవడానికి చోటే లేదు. కుక్కల్ని తెచ్చారు. తాళ్ళు దించారు. దొరికింది ఒక్కటే. వంపు దగ్గర ఆమె చలికోటు. నారింజ రంగుది. చక్కగా మడతపెట్టి, చేతులు రెండూ వెనక్కి మడిచి, ఇస్త్రీ చేసిన దానిలా ఉంది.

దెయ్యం ఉందని తెలిశాక జనం తగ్గుతారనుకున్నావా? రెట్టింపయ్యారు. మీ బుద్ధులకో దణ్ణం.

ఆ నారింజ కోట్లు దోన్ వాల్దోవి, టూరిస్టులకి అద్దెకిస్తాడు. దక్షిణం నుంచి వచ్చి ఇక్కడ వ్యాన్లు తిప్పుతున్నాడు. మంచివాడే, పాపం, బుర్ర తక్కువ. దుకాణంలో గోడంతా మేకులు, మేకుల నిండా నారింజ కోట్లు. పొద్దున్నే ఎవరికి అందింది వాళ్ళు తొడుక్కుంటారు. సాయంత్రం తెచ్చి ఏ మేకు ఖాళీగా ఉంటే దానికి తగిలిస్తారు. ఇవాళ నీ చెమట, నిన్న ఎవరిదో, మొన్న ఎవరిదో. మాలో అలా కాదు. మనిషి బట్టలో మనిషి ఉంటాడు. ఒకరిది ఒకరం తొడగం. పోయినవాళ్ళ బట్టలు ఏటిలో ఉతికి, కాల్చి, వెనక్కి చూడకుండా వచ్చేస్తాం.

నా మనవరాలు డనిత్సా ఆ వాల్దో దగ్గరే గైడు. నా కూతురి కూతురు. నోరంటే అదీ నోరు! దాని నోరు మూయించాలంటే రెండు అగ్నికొండలు ఒకేసారి పేలాలి. మూడు భాషల్లో టూరిస్టుల్ని తిట్టి, నవ్విస్తుంది. కాళ్ళకి టైరు చెప్పులు తప్ప ఇంకేమీ తొడగదు. మంచులోనూ అవే. చప్ చప్ చప్ అని వీధి మొదట్లో ఉండగానే వినిపించేది. నేను సూపు పొయ్యి మీద పెట్టేదాన్ని.

మొన్నామధ్య ఒక రోజు చప్ చప్ వినిపించలేదు. చూస్తే గుమ్మంలో నిలబడి ఉంది. ఒంటి మీద నారింజ కోటు. కనురెప్పల మీద ఉప్పు.

"ఏమే, పిల్లి నాలుక ఎత్తుకుపోయిందా?" అన్నాను.

మెల్లగా చెప్పింది. అంత మెల్లగా అది పుట్టాక ఎప్పుడూ మాట్లాడలేదు.

"అమ్మమ్మా... గుహలో అందరికన్నా వెనకాల నేనే ఉన్నాను. అయినా నా వెనక ఇంకెవరో తడబడుతున్నట్టనిపించి చెయ్యి ఇచ్చాను."

"అయితే?"

"పట్టుకున్నారు."

అంతే. ఆ తర్వాత దాని నోటి వెంట మాట లేదు. ముద్ద పెడితే నములుతుంది, మింగదు. కళ్ళు సగం తెరిచి నిద్రపోతుంది. ఆస్పత్రిలో నర్సమ్మ చూసి నీరసం అంది. నీరసమా! జడుపు. జడుసుకున్న చోట జీవం ఉండిపోయి ఒళ్ళొక్కటే ఇంటికొచ్చింది. ఇది మాకు పాలు తాగే పిల్లలకీ తెలుసు.

దానికి మందు ఒక్కటే. మనిషి బట్ట తీసుకుని జడుసుకున్న చోటికి పోవాలి. నేలతల్లికి ఆకూ సారా పెట్టాలి. పేరు పెట్టి పిలవాలి. జీవం వచ్చి బట్టలో ఎక్కుతుంది. బట్టని నేల మీద ఈడ్చుకుంటూ ఇంటికి తేవాలి. దారిలో వెనక్కి చూడకూడదు, ఎదురైనవాళ్ళతో మాట్లాడకూడదు. తెచ్చి గుమ్మం దాటాక తొడిగేయాలి. నేను అలా ఎంతమందిని తెచ్చానో! ఒకసారి బిషప్పు గారి గాడిద జీవాన్ని కూడా తెచ్చాను.

నికాసియా ఏడుస్తూ వచ్చింది. ఏడుస్తూనే నా వంటిల్లు మురికిగా ఉందని కూడా చెప్పింది. దానికి ఏడుపు ఒక కన్నే, రెండోది తనిఖీకి.

పొద్దు వాలుతోంది. గోడకి రెండు బట్టలు వేలాడుతున్నాయి. నా పిల్లకి నేను నేసిన ఎర్ర శాలువా ఒకటి, డనిత్సా తొడుక్కొచ్చిన కోటు ఒకటి. నేను శాలువా అందుకోబోయాను. నికాసియా చెయ్యి కోటు మీద పడింది.

"అది వద్దే. అది దానిది కాదు, దుకాణంది."

"శాలువా నిన్ననేగా ఉతికావు వదినా? సబ్బు వాసన తప్ప పిల్ల వాసన ఉందా అందులో? వాసన లేకపోతే జీవం దేన్ని గుర్తుపట్టి వస్తుంది? ఇదిగో, ఇది చూడు. చంకలు ఇంకా తడిగా ఉన్నాయి. దాని వెంట్రుక కూడా ఉంది."

వెంట్రుక ఉన్న మాట నిజమే. పొద్దు వాలుతున్న మాటా నిజమే. మా పెద్దవాళ్ళు చెప్పింది కూడా అదే, ఉతకని బట్టే తీసుకెళ్ళాలని. సరే పద అన్నాను. కోటు పట్టుకున్నది అది, నేను కాదు. ఇది గుర్తుంచుకో. ఊళ్ళో అది వేరేలా చెబుతుంది.

గుహలోకి వంగి దూరాం. బయట ఇంకా వెలుగుంది. నాలుగడుగులు వేస్తే లేదు. చల్లటి గాలి, పాత ఇనుప డబ్బా మూత తీసినట్టు వాసన. గోడలు చిటపటమంటున్నాయి. వంపు దగ్గర ఆగాం. ఆకులు పరిచాను. సారా ఒంపాను. ఉప్పు గుటకేసినట్టు తాగేసింది.

"డనిత్సా... రా తల్లీ... ఇంటికి పోదాం. సూపు కాచాను. రా..."

నా గొంతు నా పెదాల దగ్గరే ఆగిపోయింది.

"డనిత్సా... రా..."

టిక్. టిక్. అంతే.

మూడోసారి పిలిచాను. గోడల చప్పుడు ఆగింది. ఒక్కసారిగా. ఎవరో నోటి మీద వేలు పెట్టినట్టు.

కోటు కిందికి లాగింది.

నికాసియా రెండు చేతులా పట్టుకుంది. "వదినా... బరువెక్కింది..."

"వచ్చింది. పద. వెనక్కి చూడకు."

ఈడ్చుకుంటూ బయటికొచ్చాం. తడిసిన గొర్రెపిల్లని లాగుతున్నట్టుంది. నా ఒళ్ళంతా చెమట. సంతోషంతో ఏడుపొస్తోంది. లోయలో నేలంతా ఎర్రబడింది. మా అడుగుల కింద ఉప్పు కరకరమంటోంది. మా వెనక కూడా.

"వదినా..."

"నోరు ముయ్యవే."

"మన పిల్లవి టైరు చెప్పులు కదా... చప్ చప్ అనాలి కదా..."

"ఉప్పు మీద ఎవరు నడిచినా ఒక్కలాగే ఉంటుంది."

"కాదు వదినా... ఇవి బూట్లు."

నేనూ విన్నాను. బరువైన బూట్లు. ఒకటి కొంచెం ఈడుస్తూ. మేం ఆగితే ఒక అడుగు ఎక్కువేసి ఆగుతున్నాయి.

వెనక్కి చూడకూడదు. చూస్తే వచ్చిన జీవం వచ్చినట్టే పోతుంది. చూడలేదు.

గేటు దగ్గర సెరాపియో. టిక్కెట్లు చింపేవాడు. వాడి కుక్క నికాసియాని చూస్తే చాలు, ఊరు లేచేలా మొరుగుతుంది. ఆ రోజు పొట్ట నేలకి ఆనించి, చెవులు వెనక్కి పెట్టి, మట్టిలో ముక్కు దాచుకుంది. సెరాపియో మమ్మల్ని చూసి టోపీ తీశాడు. వాడికి తెలుసు మేం ఏ పని మీద ఉన్నామో, మాతో మాట్లాడలేదు. మా వెనక్కి చూసి అరిచాడు.

"ఏమండీ! మీకే! గేటు మూసే వేళైంది. ఆ ముసలమ్మల వెంటపడి ఫోటోలు తీస్తారేంటి, సిగ్గులేదూ? టిక్కెట్టు ఏదీ?"

మేం నడిచాం.

ఇంటికొచ్చి, గుమ్మం దాటి, కోటు డనిత్సాకి తొడిగాం. జిప్పు మెడదాకా లాగాను.

లేచి కూర్చుంది!

నికాసియా మోకాళ్ళ మీద పడి మర్యమ్మ తల్లికి వంద దండాలు పెట్టింది. నేను గిన్నె నిండా సూపు పోసి ఇచ్చాను. తీసుకుంది. తాగింది. గటగటా తాగింది... నేల మీద చుక్క ఒంపలేదు.

నా చేతిలో గరిటె ఆగిపోయింది. నడక రాకముందు నుంచీ ఒంపే పిల్ల అది. జ్వరంలో, నిద్రలో కూడా ఒంపుతుంది.

గిన్నె కింద పెట్టి, నా వంక చూసి నవ్వింది. అందమైన నవ్వు. నా డనిత్సా నవ్వు కాదు.

"చాలా బాగుందండీ. థ్యాంక్యూ. వ్యాను వెళ్ళిపోయిందా?"

నికాసియా నవ్వబోయింది. "చూశావా వదినా, దొంగముండ, లేవగానే పరాచికాలు..."

"అందరినీ చూసుకునే వెళ్ళారా?" అంది మళ్ళీ. తలుపు వైపు చూస్తూ. "ఇందాక లోపల ఒకమ్మాయి నాకు చెయ్యిచ్చింది. మంచిపిల్ల. టైరు చెప్పులు వేసుకుంది. ఆమె బయటికొచ్చిందా?"

నికాసియా మోకాళ్ళ మీదే వెనక్కి జరిగింది.

"ఆమెని నా చోట కూర్చోమన్నాను," అంది. "ఎవరో ఒకరు కూర్చోవాలి కదండీ."

నేను ఆ కోటు మీద పడ్డాను. జిప్పు పట్టుకుని లాగితే పళ్ళు విరిగాయి. తలమీదుగా పీకేశాను. కోటు ఊడగానే నా పిల్ల గోనెసంచిలా పక్కకి ఒరిగిపోయింది. మళ్ళీ సగం కళ్ళు. మళ్ళీ మౌనం. నికాసియా కోటుని చీపురుకట్టతో వాకిట్లోకి తోసి, తలుపు గడియ పెట్టింది. తెల్లారి కాల్చేద్దామనుకున్నాం.

తెల్లారేసరికి వాకిట్లో కోటు లేదు. బుగ్గల వ్యాను డ్రైవరు దారిలో చూసి, దుకాణం కోటు కదా అని ఎత్తుకుపోయాడు.

వాల్దో దగ్గరికి పరిగెత్తాను. నా మోకాళ్ళతో! దారిలో రెండు మోటారుసైకిళ్ళని దాటాను.

"ఏ కోటు పెద్దమ్మా? అన్నీ ఒక్కలాంటివే కదా."

"గుహలో మడతపెట్టి దొరికిన కోటు ఏం చేశావు నాయనా?"

"పోలీసులు తిరిగిచ్చారు. ఉతికించి మేకుకి తగిలించాను. పాడవలేదుగా!"

"కాల్చలేదా?"

"కోటు కాల్చడమేంటి పెద్దమ్మా?" అని నవ్వాడు. వాడి వెనక గోడంతా నారింజ కోట్లు. ఏదో ఒక కోటు చెయ్యి కొంచెం ఊగుతోంది. గాలి లేదు.

అన్నీ వెతికాను. జిప్పు విరిగింది దొరకలేదు. ఎవరో వేసుకుని బుగ్గల దగ్గరికి పోయారు. సాయంత్రం తెచ్చి ఇంకెక్కడో తగిలించారు. మర్నాడు ఇంకెవరో. అప్పటినుంచీ నేనీ గేటు దగ్గర రొట్టెలు వేయించడం ఉత్త వంక. వచ్చే ప్రతి కోటు మెడా చూస్తున్నాను.

ఎర్ర శాలువా పట్టుకుని గుహకి పోని సాయంత్రం లేదు. పిలిస్తే పలుకుతుంది. అవును, మూగ గుహే, అయినా పలుకుతుంది. వంపు అవతలి నుంచి, సన్నగా. "అమ్మమ్మా, లేవలేను. ఆమె వచ్చి కూర్చుంటే గానీ లేవలేను." అంతే అంటుంది. టైరు చెప్పులు నేలకేసి కొట్టుకుంటున్న చప్పుడు... చప్... చప్...

ఇంక ఎక్కువ రోజుల్లేవు పిల్లా. ఆత్మల పండుగ వారంలో వస్తోంది. ఆ రోజు పోయినవాళ్ళ పేరున బల్ల మీద రొట్టె పెడతాం. అప్పటికి జీవం ఇల్లు చేరకపోతే దానికీ ఒక రొట్టె పెట్టాల్సిందే. పెట్టామా, ఇంక పిలిచినా రాదు. ఏడాదికొకసారి తినడానికే వస్తుంది.

డనిత్సా ఎక్కడుందా? అదిగో, నా వెనక ఆ మూల, టోపీ పెట్టుకుని గోడకి ఆనుకుని. ఇందాక నువ్వు బొమ్మనుకుని ఫోటో తీశావే, అదే నా మనవరాలు. పరవాలేదు. అందరూ తీస్తారు.

ఏమిటి, లేస్తున్నావు? కూర్చో.

పొద్దున బుగ్గల దగ్గర తొడుక్కున్న కోటు కదూ అది? ఈ ఎండలో కూడా విప్పలేదే? విప్పాలనే చూస్తున్నావు. చూశాను, వ్యాను దిగినప్పటినుంచీ ఆ జిప్పుతో కుస్తీ పడుతున్నావు. మెడ కింద ఇరుక్కుంది. పైకి రాదు, కిందికి పోదు. నాలుగు పళ్ళు లేవు అక్కడ. నా నోట్లోనూ ఊడినవే ఎక్కువ, ఒకదానికొకటి సరిపోయాం. ఆ జేబులోంచి చెయ్యి తియ్యి చూద్దాం. ఉప్పు. తడి ఉప్పు. వాననేదే ఎరగని ఊళ్ళో.

ఏడవకు. ఏడిస్తే చలి ఎక్కువవుతుంది. కత్తెరా? నా దగ్గర కత్తెర లేదు. ఉన్నా ఇవ్వను. ఉత్త కోటు తీసుకుపోతే ఉత్త గుడ్డే పోతుంది. లోపల వెచ్చగా ఒళ్ళుండాలి, అప్పుడే ఆ పరదేశి వెంట వస్తుంది. ఆమె చోటికి ఆమె పోతుంది, నా పిల్ల నాకొస్తుంది, నువ్వు నీ దారిన నువ్వు వచ్చేస్తావు. వస్తావనే అనుకుంటున్నాను. నేను అబద్ధమాడనని చెప్పానుగా, అందుకే ఒట్టు మాత్రం వెయ్యను.

ఇదిగో శాలువా. పట్టుకో. ఈసారి ఉతకలేదు. వంపు దగ్గర, చెయ్యి చాపితే గోడ తగలని చోట ఆగు. డనిత్సా అని మూడుసార్లు పిలువు. శాలువా బరువెక్కగానే అవతలి వైపుకి విసిరెయ్యి. నికాసియా అక్కడ నిలబడి ఉంటుంది. విసరడం మర్చిపోకు, నువ్వు రావడం ఆలస్యమైనా అది ముందు రావాలి. చీకట్లో ఎవరైనా చెయ్యిస్తే పట్టుకో, మర్యాదగా ఉంటుంది.

నీ పేరు నేనడగను. తెలిస్తే పిలవాలనిపిస్తుంది.

పో మరి, పొద్దు వాలుతోంది. గోడలు మొదలెట్టాయి, విను. టిక్... టిక్...

ఆగాగు. ఒక్క మాట. నువ్వు ఒక్కదానివే కదా లోపలికొచ్చింది? మరి గేటు దగ్గర సెరాపియో నీ చేతికి రెండు టిక్కెట్లు ఎందుకు చింపిచ్చాడు?